బీదల సొత్తు: వించెస్టరు ధర్మశాల నేర్పు పాఠము

చదువవలసిన లేఖన భాగములు: 2 రాజులు 12:4–15, యెహెజ్కేలు 34:1–10, 2 కొరింథీ 8:16–21

ఇంగ్లాండు దేశపు దక్షిణ భాగములో హాంప్‌షైరు అను జిల్లా కలదు. దాని ముఖ్య పట్టణము వించెస్టరు. ఆ పట్టణమునకు దక్షిణముగా, సుమారు ఒక మైలు దూరమున, ఇచెన్ అను చిన్న నది పచ్చిక బయళ్ల నడుమ ప్రవహించుచుండును. ఆ బయళ్ల అంచున సిలువ ఆకారములో కట్టబడిన ఒక పాత దేవాలయమును, దానిని ఆనుకొని ఎత్తైన పొగగొట్టములుగల రాతి యిండ్ల వరుసయు కనబడును. అదియే పరిశుద్ధ సిలువ ధర్మశాల. బాటసారి యెవడైనను దాని ద్వారమునొద్ద నిలిచి అడిగినయెడల, ద్వారపాలకుడు ఒక చిన్న రొట్టె ముక్కను, కొమ్ముతో చేసిన పాత్రలో కొంచెము బీరును అతని చేతికిచ్చును. ఆనాటి ఇంగ్లాండులో పలుచని బీరు సామాన్య జనుల నిత్యపానము గనుక ఆ ఆచారము అట్లు ఏర్పడినది. అడుగువాని కులమేది, మతమేది, ధనికుడా, దరిద్రుడా అని విచారింపరు. అడిగినవానికి ఇచ్చుటయే నియమము.

ఇట్టి గృహములను ఆంగ్లేయులు ఆమ్స్‌హౌసు అందురు. తెలుగువారు సత్రమని పిలుచుకొను దానికిని దీనికిని కొంత భేదమున్నది. సత్రము దారిన పోవువానికి ఒకటి రెండు దినముల విశ్రాంతి స్థలము. ఆమ్స్‌హౌసు అట్టిది కాదు. పని చేయ శక్తిలేక, ఆదరించువారు లేక మిగిలిన వృద్ధులు తమ శేషజీవితమును గౌరవముగా గడుపుటకు ఏర్పడిన నివాసము. వించెస్టరు ధర్మశాల ఈ రెండు పనులను నెరవేర్చినది. లోపల వృద్ధులకు ఇల్లు, ద్వారమునొద్ద ఆకలిగొన్న వానికి ఆహారము. ఇంగ్లాండులో నేటికిని పనిచేయుచున్న ధర్మసంస్థలలో ఇది మిక్కిలి ప్రాచీనమైన వానిలో ఒకటి. అయితే దీని చరిత్ర పుణ్యకార్యముల చరిత్ర మాత్రమే కాదు. బీదలకొరకు ఇయ్యబడిన సొత్తును ఎవరు కాపాడిరి, ఎవరు భక్షించిరి అను రెండు సంగతులును ఆ రాళ్లలో వ్రాయబడియున్నవి. కావుననే అది సంఘమునకు పాఠమగుచున్నది.

1. పునాది వేసినవాడు

ఈ ధర్మశాలను స్థాపించినవాడు బ్లువాకు చెందిన హెన్రీ. ఇతడు ఇంగ్లాండును జయించిన విలియము రాజునకు మనుమడు. స్టీఫెన్ రాజునకు సహోదరుడు. క్లూనీ మఠములో సన్న్యాసిగా పెరిగి, 1129లో వించెస్టరు బిషప్పై, 1171లో మరణించువరకు ఆ పదవిలోనే యుండెను. 1132, 1136 సంవత్సరముల మధ్య ఇతడు ధర్మశాలకు పునాది వేసెను.

ఇచెన్ నదీతీరమున నడచుచున్న బిషప్పునకు పాలు పితుకు ఒక బీద బాలిక ఎదురై, యుద్ధమువలన తన వారు ఆకలితో నశించుచున్నారని మొరపెట్టుకొనెననియు, ఆ మాట అతని హృదయమును తాకగా ఈ గృహమును కట్టించెననియు ఒక జనశ్రుతి కలదు. అది కథయే కావచ్చును. చరిత్ర చెప్పు సంగతి మాత్రము గంభీరమైనది. స్టీఫెన్ రాజునకును మటిల్డాకును జరిగిన అంతర్యుద్ధములో హెన్రీ బిషప్పు ఒకమారు ఒక పక్షమును, మరియొకమారు వేరొక పక్షమును చేరెను. కోటలు కట్టించెను. 1141లో వించెస్టరు ముట్టడి జరిగినప్పుడు అతని సైన్యము విసరిన అగ్నివలన పట్టణములో అధిక భాగము దగ్ధమయ్యెను. పట్టణమును కాల్చినవాడును, బీదలకు ఇల్లు కట్టినవాడును ఒక్కడే. దేవుడు నిర్దోషుల చేతులతోనే కాక, లోపములుగల మనుష్యుల చేతులతోను తన బీదలను పోషించుననుటకు ఇది దృష్టాంతము.

స్థాపకుని నియమములు సరళమైనవి. మొదటిది, పనిచేయ శక్తిలేని 13 మంది బీదలు లోపల నివసింపవలెను. వారికి నివాసము, వస్త్రము, ఆహారము ఉచితముగా ఇయ్యవలెను. క్రీస్తును, ఆయన పండ్రెండుమంది అపొస్తలులును జ్ఞాపకము వచ్చునట్లు ఆ సంఖ్య ఏర్పడినదని చెప్పుదురు. రెండవది, ప్రతిదినము 100 మంది బీదలకు ద్వారమునొద్ద భోజనము పెట్టవలెను. వారు భుజించిన శాలకు నూర్గురి శాల అని పేరు. వెలుపలి ప్రాంగణములో అది నేటికిని కనబడుచున్నది. ఈ వ్యయములకై పొలములు, గ్రామముల రాబడి, కొన్ని దేవాలయముల దశమభాగములు మాన్యములుగా ఇయ్యబడెను.

కొంతకాలము ఈ ధర్మశాల నిర్వహణ యెరూషలేము హాస్పిటలర్ వీరుల చేతిలోనుండెను. హెన్రీ స్థాపించిన శాఖకు చెందిన వృద్ధులు నల్లని అంగీని ధరించి, రొమ్మున వెండి సిలువను పెట్టుకొనుట ఆ కాలపు గురుతు. ఈ వృద్ధులను సహోదరులని పిలుతురు. బిచ్చగాండ్రని గాని, ఆశ్రితులని గాని పిలువరు. పేరులోనే గౌరవమున్నది.

2. సిలువ ఆకారపు దేవాలయము

సహోదరుల గృహముకంటెను ముందుగా చూపరులను ఆకర్షించునది దేవాలయము. పండ్రెండవ శతాబ్దములో ఆరంభమైన ఈ కట్టడము పూర్తియగుటకు నూరు సంవత్సరములకుపైగా పట్టెను. ఒక తరమువారు పునాది వేసిరి. దానిని చూడని మనుమలు కప్పు వేసిరి. గోడలు మీటరునకుపైగా మందము. ఆ ప్రాంతపు చెకుముకి రాళ్లు, సముద్రము దాటి ఫ్రాన్సులోని కేన్ నుండి తెచ్చిన తెల్లని రాయి ఇందులో వాడబడినవి.

భవననిర్మాణ శాస్త్రమును చదువువారికి ఈ దేవాలయము తెరచిన గ్రంథమువంటిది. తూర్పున బలిపీఠమున్న భాగము మొదట కట్టబడినది. అక్కడి కమానులు గుండ్రనివి, బరువైనవి. ఇది నార్మనుల పద్ధతి. ఒకదానిలోనికొకటి చొచ్చుకొనిపోవు గుండ్రని కమానుల అలంకారము గోడలమీద కలదు. అట్టి రెండు కమానులు కలిసికొన్నచోట మధ్యలో కొనదేలిన ఆకారము ఏర్పడును. పడమరవైపునకు నడచిన కొలది కమానులు కొనదేలి, సన్నగిలి, ఎత్తగును, కిటికీలు వెడల్పగును, వెలుతురు పెరుగును. గుండ్రని కమాను విధానమునుండి కొనదేలిన కమాను విధానమునకు ఇంగ్లాండు దేశమంతయు ఎట్లు మారినదో ఒకే కప్పు క్రింద చూడవచ్చును. ఉత్తరపు అడ్డభుజములో ఒక కిటికీ కమానుచుట్టు పక్షిముక్కుల వరుస చెక్కబడియున్నది. మధ్యమున చతురస్రాకారపు గోపురము నిలిచియున్నది.

నేలమీద పరచిన పురాతనపు పింగాణీ పలకలు మరియొక విశేషము. వాటిలో కొన్నింటిమీద ‘హేవ్ మైండ్’ అను పాత ఆంగ్లపు మాటలు కలవు. జ్ఞాపకముంచుకొనుము అని వాటి భావము. దేనిని జ్ఞాపకముంచుకొనవలెనో ఆ పలక చెప్పదు. దేవునినా? మరణమునా? స్థాపకుని ఉద్దేశమునా? ద్వారమునొద్దనున్న ఆకలిగొన్నవానినా? శతాబ్దములుగా అధిపతులు ఆ పలకలమీదనే నడిచిరి. కొందరు జ్ఞాపకముంచుకొనిరి. కొందరు మరచిరి.

3. గౌరవముగల పేదరికము

పదునైదవ శతాబ్దములో వించెస్టరు బిషప్పైన కార్డినలు హెన్రీ బోఫోర్టు 1445లో ఈ ధర్మశాలకు రెండవ శాఖను చేర్చెను. దానికి గౌరవముగల పేదరికపు ధర్మశాల అని పేరు పెట్టెను. ఒకప్పుడు బాగుగా బ్రదికి, ఇతరులకు పెట్టి, తరువాత దురదృష్టవశమున దారిద్ర్యములో పడినవారికొరకు ఇది ఉద్దేశింపబడెను. చేయి చాపుట ఎరుగని వానికి చేయి చాపవలసి వచ్చుట ఎంతటి వేదనయో బోఫోర్టు గ్రహించెను. నిండుదానిగా వెళ్లి రిక్తురాలిగా తిరిగివచ్చితినని బేత్లెహేములో చెప్పుకొన్న నయోమివంటి వారికి ఇది ఆశ్రయము. ఈ శాఖ సహోదరులు ఎఱ్ఱని అంగీని ధరింతురు. వారి రొమ్మున కార్డినలు టోపీ గురుతుగల వెండి పతకముండును.

ఇప్పుడు కనబడు నివాస గృహములలో అధిక భాగము బోఫోర్టు కాలమునాటివే. వెలుపలి ప్రాంగణమునుండి లోపలికి పోవు మార్గములో అతని పేరిట ఎత్తైన ద్వారగోపురము నిలిచియున్నది. దానిలో శిల్పములకొరకు మూడు గూళ్లు చెక్కబడినవి. ఒకదానిలో మోకరించియున్న కార్డినలు ప్రతిమ మిగిలియున్నది. ద్వారపాలకుని గది ఈ గోపురము క్రిందనే యున్నది. బాటసారికి రొట్టెయు బీరును ఇచ్చు స్థలమదియే.

గోపురము దాటగానే విశాలమైన నలుచదరపు ప్రాంగణము. దక్షిణమున దేవాలయము. ఉత్తరమున సహోదరుల భోజనశాల. దాని పైకప్పు బలమైన మ్రానుదూలములతో కట్టబడినది. నేల నడుమ చలిమంటకై రాతి గట్టు కలదు. ఒక ప్రక్కన పాటగాండ్రు కూర్చుండుటకు మేడ కలదు. తూర్పున మ్రానుచట్రములతో కట్టిన పొడవైన నడవ. దాని పైఅంతస్తులోని గదినుండి దేవాలయములోనికి ఒక కిటికీ తెరచుకొనును. మంచము దిగలేని రోగి అక్కడనుండియే ఆరాధనను వినగలిగెను. పడమర ప్రక్కన రెండంతస్తుల ఇండ్ల వరుస, వాటిమీద ఆకాశమునకు నిలిచిన పొగగొట్టములు.

ఆ పొగగొట్టములు కేవలము అలంకారము కావు. అంతకుముందు ఇంగ్లాండులోని ధర్మశాలలు సాధారణముగా ఒకే పెద్ద శాలగా నుండెడివి. మంచములు రెండు వరుసలుగా వేయబడి, తూర్పు చివర ప్రార్థనామందిరము తెరచియుండెడిది. చిచెస్టరు పట్టణములోని పరిశుద్ధ మరియ ధర్మశాలలో అట్టి శాల నేటికిని నిలిచియున్నది. అక్కడ ఒకే పెద్ద కప్పు క్రింద పిమ్మట చిన్న ఇండ్లు కట్టబడెను. అయితే బోఫోర్టు ప్రతి సహోదరునికిని సొంత తలుపు, సొంత గదులు, సొంత పొయ్యి ఏర్పాటు చేసెను. తలుపు వేసికొని ఒంటరిగా ప్రార్థింపదలచిన వానికి అవకాశము. తోడు కావలసినవానికి భోజనశాలయు దేవాలయమును. ఒక్కొక్క పొగగొట్టము ఒక్కొక్క గృహస్థుని గౌరవమునకు సాక్ష్యము. దానము పొందువాడును మనుష్యుడే, అతనికిని గుమ్మము కావలెనని ఆ కట్టడము చెప్పుచున్నది.

బోఫోర్టు 1447లో మరణించెను. పిమ్మట రాజవంశముల మధ్య జరిగిన యుద్ధములలో అతడు ఇచ్చిన మాన్యములు చాలవరకు పోయెను. తరువాతి బిషప్పు వేన్‌ఫ్లీటు 1486లో ఆ శాఖను మిక్కిలి తగ్గిన సంఖ్యతో తిరిగి నిలిపెను.

4. కాపరులే మేసిన కాలము

ఈ ధర్మశాలకు అధిపతిగా మాస్టరు అను ఒక గురువు నియమింపబడుచుండెను. నియమించు అధికారము బిషప్పుది. స్థాపకుని మాన్యములు కాలక్రమమున విలువ పెరిగెను. అక్కడనే శోధన ప్రవేశించెను.

పదునాలుగవ శతాబ్దములో కొందరు మాస్టరులు రాబడిని తమ సొంతమునకు వాడుకొనిరి. కట్టడములు శిథిలమయ్యెను, నూర్గురి భోజనము ఆగిపోయెను. 1367లో బిషప్పైన వికమ్ విలియము దీనిని చూచి ఊరకుండలేదు. లెక్క చెప్పుడని అడుగగా, ఇది ధర్మసంస్థ కాదు, గురువునకు జీవనాధారముగా ఇయ్యబడిన పదవి మాత్రమే, కావున ఎవరికిని లెక్క చెప్పనక్కరలేదని వారు వాదించిరి. వ్యాజ్యము సంవత్సరములకొలది సాగి, పోపు న్యాయస్థానమువరకు వెళ్లెను. తుదకు వికమ్ గెలిచెను. ఇది బీదల సొత్తేయని స్థిరపడెను. అతడు 1382లో జాన్ క్యాంప్‌డెన్ అను నమ్మకస్థుని మాస్టరుగా నియమించెను. క్యాంప్‌డెన్ శిథిలమైన దేవాలయమును బాగుచేయించి, సహోదరుల క్షేమమును చక్కపరచెను. అతని సమాధిమీది ఇత్తడి ప్రతిమ ఆ దేవాలయములోనే యున్నది.

పదునారవ శతాబ్దపు సంఘ దిద్దుబాటు కాలములో మఠములును, మృతుల ఆత్మలకొరకు పూజలు జరుపుటకై ఏర్పడిన మందిరములును మూతపడెను. అనేక ధర్మశాలలును వాటితోకూడ నశించెను. వించెస్టరు ధర్మశాల మాత్రము నిలిచెను. దానము చేసి రక్షణను కొనవచ్చునను తలంపును దిద్దుబాటు త్రోసివేసెను గాని దానమును త్రోసివేయలేదు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయములో అపొస్తలుడు ఈ రెంటిని ఒకేచోట చూపుచున్నాడు: రక్షణ క్రియలవలన కలిగినది కాదు, అయినను రక్షింపబడినవారు సత్క్రియలకొరకే సృష్టింపబడిరి. పొయ్యిలో అగ్ని రగులుచుండగా పొగగొట్టమునుండి పొగ వచ్చినట్లు, విశ్వాసమున్నచోట దయ వెలువడును.

అయితే వికమ్ గెలిచిన సత్యము మరల మరువబడెను. 1696లో అప్పటి మాస్టరును సహోదరులును చేవ్రాలు చేసిన ఒక ఆచార పత్రము పుట్టెను. సహోదరులకు ఇయ్యవలసిన నియమిత వ్యయములు పోగా మిగిలిన రాబడి యంతయు మాస్టరుదే అని దాని సారాంశము. పాత శాసనములు లేవు గనుక ఇదియే ఆచారమని వ్రాసికొనిరి. పెట్టువాని చేతిక్రిందనున్న వృద్ధులు చేవ్రాలు చేయక ఏమి చేయగలరు?

రాబడి ఎట్లు దారి మళ్లెనో తెలిసికొనుట అవసరము. ధర్మశాల పొలములు దీర్ఘకాలపు కౌలుకు ఇయ్యబడుచుండెను. వార్షిక కౌలు మిక్కిలి తక్కువ, శతాబ్దములైనను పెరుగదు. కాని కౌలును పొడిగించునప్పుడెల్ల కౌలుదారుడు ఒక పెద్ద మొత్తమును నజరానాగా చెల్లించును. తక్కువ కౌలు ధర్మశాల ఖాతాకు చేరును. పెద్ద నజరానా మాస్టరు చేతికి చేరును. పుస్తకములో అబద్ధమేమియు కనబడదు. అయినను ఊటయంతయు ఒకవైపునకు పారి, బీదలకు తేమ మాత్రము మిగులును.

1808లో వించెస్టరు బిషప్పు బ్రౌన్లో నార్తు తన కుమారుడైన ఫ్రాన్సిస్ నార్తును ఈ ధర్మశాలకు మాస్టరుగా నియమించెను. ఆ కుమారుడు తరువాత గిల్‌ఫర్డు ప్రభువయ్యెను. ఇతర సంఘముల రాబడులును అతని చేతిలో నుండెను. 47 సంవత్సరములు అతడు ఆ పదవిననుభవించెను. 1848లో అమెరికా రచయిత ఎమర్సన్, తన స్నేహితుడు కార్లయిల్‌తో కలిసి ఈ ద్వారమునొద్ద రొట్టెను, బీరును అడిగి పుచ్చుకొనెను. ఏడు వందల సంవత్సరముల ఆతిథ్యమును ఎమర్సన్ ప్రస్తావించెను. అయితే బీదల నిమిత్తమైన సొమ్ములో సంవత్సరమునకు 2,000 పౌనులు తాను తీసికొని, ఈ తుంపులకు స్వల్పము వెచ్చించు గురువును కార్లయిల్ శపించెనని కూడ అతడు వ్రాసెను.

1849లో అటార్నీ జనరల్ పేరిట వ్యాజ్యము వేయబడెను. తన ముందటివారి ఆచారమునే తాను అనుసరించితినని మాస్టరు పక్షమున వాదింపబడెను. 1853లో న్యాయాధిపతి సర్ జాన్ రోమిలీ తీర్పు చెప్పెను. 1696 నాటి పత్రమునకు ఎట్టి విలువయు లేదని, అది నమ్మకద్రోహమును కప్పిపుచ్చుటకు వ్రాసికొన్నదేనని అతడు తీవ్రముగా ఖండించెను. నాలుగు శతాబ్దములకుపైగా పూర్వము వికమ్ పలికించిన తీర్పే మరల పలుకబడెను: ఇది బీదల సొత్తు. గిల్‌ఫర్డు ప్రభువు 1855లో రాజీనామా చేసెను. ధర్మకర్తల సభ ఏర్పడి, మాస్టరునకు నియమిత జీతము నిర్ణయింపబడెను. ఆ 1853లోనే ధర్మసంస్థల లెక్కలను విచారించుటకు బ్రిటిషు పార్లమెంటు ఒక కమిషనును చట్టముచే ఏర్పాటు చేసెను. అయినను పోయిన సంవత్సరములు తిరిగి రాలేదు. ఆ సంవత్సరములలో ఆకలితో మరలిపోయినవానికి ఏ తీర్పును అన్నము పెట్టలేదు.

వించెస్టరు పాఠశాలలో చదివిన ఆంథొనీ ట్రాలప్ అను నవలాకారుడు ఇట్టి వ్యాజ్యములను ఆధారము చేసికొని 1855లో ‘ది వార్డెన్’ అను నవలను ప్రకటించెను. అందులోని గురువు దుర్మార్గుడు కాడు. మృదు స్వభావముగల వృద్ధుడు. తన జీతము న్యాయమైనదా అని ఎన్నడును ఆలోచింపనివాడు. ఆలోచించిన దినమున పదవిని విడిచిపెట్టెను. మంచివారు కన్నులు మూసికొనియుండుటవలననే అన్యాయము దీర్ఘకాలము బ్రదుకునని ఆ కథ సూచించుచున్నది.

5. లేఖనముల వెలుగులో

మొదటిది, ఆచారము న్యాయమునకు బదులు కానేరదు. యోవాషు రాజు కాలములో యాజకులు మందిర మరమ్మతునకై ద్రవ్యము పుచ్చుకొనుచుండిరి. కాని అతని యేలుబడి 23వ సంవత్సరము వచ్చినను మందిరము బాగుచేయబడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠముదగ్గర ఉంచెను. ద్రవ్యము నిండినప్పుడు రాజు లేఖకుడును, ప్రధాన యాజకుడును ఇద్దరును కలిసి లెక్కించిరి. ఒక్క చేతిలోనుండిన సొమ్ము ఇద్దరి కన్నుల యెదుటికి వచ్చినది. పని సాగెను. వించెస్టరులో 1855 తరువాత జరిగినదియు ఇదియే.

రెండవది, నమ్మకస్థుడును లెక్కకు తప్పించుకొనగూడదు. యెరూషలేములోని బీదలకై పోగుచేసిన చందాను తీసికొనిపోవునప్పుడు పౌలు తన్ను నమ్ముడని చెప్పి ఊరకుండలేదు. తీతుతోకూడ, సంఘములచే ఏర్పరచబడిన సహోదరుని, మరియొక సహోదరుని పంపెను. ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యమైనది చేయగోరెనని అతడే కారణము చెప్పుచున్నాడు. అపొస్తలునికే ఇది అవసరమైనయెడల, లెక్క అడుగుట అవమానమని తలంచు సంఘ పెద్దకు ఏమి చెప్పవలెను? సంచి మోసిన శిష్యుడొకడు బీదల పేరు చెప్పుచు దొంగిలించెనని యోహాను సువార్త 12వ అధ్యాయము జ్ఞాపకము చేయుచున్నది.

మూడవది, కాపరి ముందుగా మందను మేపవలెను. తమ్మును తాము మేపుకొనిన కాపరులకు యెహెజ్కేలు ప్రవక్త ద్వారా వచ్చిన గద్దింపు ఏ యుగమునకును పాతబడలేదు. తెలుగు దేశములోని సంఘములకును మిషనెరీల కాలమునుండి ఆసుపత్రులు, పాఠశాలలు, వసతిగృహములు, భూములు సంక్రమించియున్నవి. వాటికై చందా ఇచ్చినవారిలో అనేకులు ఆ స్థలములను కన్నులార చూడనివారు. వారు ఇచ్చినది ఏ పదవికిని కాదు. రోగికి, అనాథకు, చదువ గోరు బీద బిడ్డకు. పత్రములమీద ఎవరి పేరున్నను, నిజమైన హక్కుదారుడు ద్వారమునొద్ద నిలిచియున్న బీదవాడే.

నాలుగవది, దయకు గౌరవము జతగా నుండవలెను. సహోదరుడను పేరు, సొంత గుమ్మము, శరీరమునకు శుభ్రమైన అంగీ, రోగికి ఆరాధన వినుటకు కిటికీ: ఇవి ఖరీదైన దానములు కావు. ఆలోచనగల దానములు. ఆకలిగొన్నవానికి పెట్టినది తనకే పెట్టినట్లని ప్రభువు మత్తయి సువార్త 25వ అధ్యాయములో సెలవిచ్చెను. అట్లయిన పెట్టు తీరులోను ఆయనకు తగిన మర్యాద ఉండవలెను గదా!

నేటికిని సుమారు 25 మంది సహోదరులు ఆ గృహములలో నివసించుచున్నారు. కొందరు నల్లని అంగీలతోను, కొందరు ఎఱ్ఱని అంగీలతోను ఉదయ ప్రార్థనకు దేవాలయములో ప్రవేశింతురు. హెన్రీ వేసిన పునాది, బోఫోర్టు కట్టిన గోడలు మాత్రమే వారిని నిలుపలేదు. లెక్క అడిగిన వికమ్ ధైర్యము, బాగుచేసిన క్యాంప్‌డెన్ నమ్మకత్వము, న్యాయము తీర్చిన రోమిలీ తీర్పు కూడ వారిని నిలిపినవి. కట్టుట ఒక తరము పని. కాపాడుట ప్రతి తరము పని. గృహనిర్వాహకులయందు కోరబడునది నమ్మకత్వమేయని అపొస్తలుడు కొరింథీ సంఘమునకు వ్రాసెను. గొప్ప కట్టడమును గాని, గొప్ప పేరును గాని అతడు ప్రస్తావింపలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. తన చేతిలోనున్న సొమ్ము ఎవరి నిమిత్తము ఇయ్యబడినదో సంఘ పెద్ద ఎట్లు జ్ఞాపకముంచుకొనగలడు?

2. 2 రాజులు 12వ అధ్యాయములోని పెట్టెయు, 2 కొరింథీ 8వ అధ్యాయములోని సహోదరులును ఏ విషయములో ఒకే పాఠమును నేర్పుచున్నారు?

3. 1696 నాటి పత్రముపై చేవ్రాలు చేసిన వృద్ధుల స్థితిని తలంచుడి. సహాయము పొందువాడు భయములేక మాటలాడుటకు సంఘము ఏమి చేయవలెను?

4. స్థానిక సంఘములో ఒంటరిగానున్న వృద్ధులెవరు? వారికి ఆహారముతోకూడ గౌరవము, ఆరాధన అందుటకు ఏ చిన్న కిటికీని తెరవవచ్చును?